పిల్లల వార్డులో ఉప్పు గంజి: శ్రీమతి నాగేంద్రమ్మగారి పద్దెనిమిదేళ్ల సేవ

ఫసలీ 1340 అమర్దాద్ మాసం అయిదవ తేదీన, అంటే 1931 జూన్ నెలలో, శ్రీమతి కురువ నాగేంద్రమ్మగారు వనపర్తిలోని మన పిల్లల దవాఖానలో వార్డు ఆయాగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి హాజరు పుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా నల్లని వేలిముద్ర ఉంది. ఈ మాసపు పుస్తకంలో అదే స్థానంలో గుండ్రని అక్షరాల సంతకం ఉంది. ఆ వేలిముద్రకూ ఈ సంతకానికీ నడుమ గడిచిన పద్దెనిమిది సంవత్సరాల నిరంతర సేవను స్మరించుకుని, యాభై అయిదవ ఏట పదవీ విరమణ చేస్తున్న ఆ మాతృమూర్తిని సగౌరవంగా అభినందించడం సహోద్యోగులందరికీ దక్కిన భాగ్యం.

నాగేంద్రమ్మగారు గట్టు ప్రాంతపు మెట్ట గ్రామంలో, గొర్రెల మందనూ నాలుగెకరాల జొన్న చేనునూ నమ్ముకున్న కుటుంబంలో జన్మించారు. బాల్యంలో అక్షరం ముఖం చూసే అవకాశం వారికి కలగలేదు. ముప్పై ఆరవ ఏట భర్తను కోల్పోయారు. మరుసటి వేసవిలో రెండేళ్ల కూతురు జోగులమ్మకు దగ్గూ జ్వరమూ ముదిరి, ఊపిరి అందక డొక్కలెగరసాగాయి. వాతలు పెట్టిద్దామని బంధువులు సూది కాల్చి సిద్ధంగా ఉంచారు. నాగేంద్రమ్మగారు వారితో వాదన పెట్టుకోలేదు. పిల్లను ఒడిలో వేసుకుని, అయిజ మీదుగా బండిలో వచ్చి, కృష్ణను పుట్టిలో దాటి, పిల్లలకే ప్రత్యేకంగా ఉన్నదని విన్న మన దవాఖాన మెట్లెక్కారు.

పదకొండు దినాలు ఆమె పిల్ల మంచం విడిచిపోలేదు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో నర్సు లెక్కపెడుతుంటే చూసి, తామూ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టడం నేర్చుకున్నారు. పన్నెండవ నాడు పిల్ల లేచి కూర్చుని జొన్న గట్క అడిగింది. ఇంటికి వెళ్లవచ్చునని చెప్పగా, నాగేంద్రమ్మగారు ఇంటికి వెళ్లలేదు. తిన్నగా అధికారి గది వాకిట నిలబడి, "నేను గీడనే ఉంట. ఊడ్వుమన్నా ఊడుస్త, బట్టలుతుకుమన్నా ఉతుకుత. గీ పసిపోరగాండ్ల సంగతి మాత్రం నాకు నేర్పున్రి" అన్నారు. ఊడ్చే పని ఇచ్చారు. తక్కినది ఆమె స్వయంగా నేర్చుకున్నారు.

అక్షరాభ్యాసం ముప్పై ఎనిమిదవ ఏట జరిగింది. గురువు మన కాంపౌండరు యాకూబ్ సాహెబుగారు. పలక మందు సీసాల పెట్టె మూత. ఏడాది తిరిగేలోగా ఆమె సీసాల మీది తెలుగు చీటీలు తప్పు లేకుండా చదివేవారు. అంతకు ముందే పిల్లల శరీరాలను చదవడం వచ్చింది. చలిజ్వరం తరచుగా వచ్చే పిల్ల కడుపు తడిమి, ఎడమ పక్క బల్ల, అంటే ప్లీహం, పెరిగిందో లేదో చెప్పేవారు. తట్టు పోసిన పిల్లకు తిండి మాన్పించిన తల్లులను కూర్చోబెట్టి, ఆ జబ్బు తగ్గినాక వచ్చే నీరసమే పిల్లను తీసుకుపోతుందని నచ్చజెప్పి, గోరువెచ్చని నీటితో కండ్లు కడిగి, మెతుకు మెత్తగా పిసికి తినిపించేవారు. కొత్తగా చేరిన ఆయాలకు ఆమె చెప్పే మొదటి పాఠం ఇది: "పిల్ల మొహం సూసి మోసపోకున్రి. కడుపు మీది బట్ట తీసి డొక్క సూడున్రి. డొక్క లోపలికి గుంజుతున్నదంటే డాక్టర్ సాబ్‌ను పిలువున్రి, నన్ను అడుగకుంట."

1936లో ఆమె సహాయక నర్సుగా నియమితులయ్యారు. వాతలు పెట్టిన గాయాలతో వచ్చే పిల్లల కన్నవారిని ఆమె దూషించినట్లు ఎవరూ ఎరుగరు. గాయం మాన్పి, పిల్లను చేతికిస్తూ, ఈ పిల్లకు మళ్లీ సూది కాల్చినట్లు తెలిస్తే తానే ఆ ఊరికి వచ్చి వాకిట్లో కూర్చుంటానని మాత్రం చెప్పేవారు. అది ఒట్టి బెదిరింపు అనుకున్న రెండు గ్రామాలకు ఆమె నిజంగానే వెళ్లి, నిజంగానే కూర్చున్నారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పవలసి ఉంది. 1941 నాటి ఉదంతం ఈ అభినందన సంచికలో చేర్చకపోవడం మర్యాదగా ఉంటుందని యాజమాన్య సంఘంలోని ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. ఆ సలహాను సంచిక సంపాదకులు సవినయంగా తిరస్కరించారు. ఆ పందొమ్మిది దినాలను విడిచిపెట్టి నాగేంద్రమ్మగారిని పొగడడం కంటే, అసలు పొగడకుండా ఉండడమే మేలు.

ఆ వేసవిలో వనపర్తి చుట్టుపక్కల గ్రామాలలో పసిపిల్లలకు వాంతులు, విరేచనాలు ప్రబలాయి. అప్పటి వైద్యాధికారి డాక్టరు కృష్ణయ్యగారు విద్వాంసులు, నిజాయితీపరులు, తాము చదివిన గ్రంథాల మీద అచంచల విశ్వాసం గలవారు. విరేచనాలైన శిశువు పేగులకు విశ్రాంతి కావాలని, ఇరవై నాలుగు గంటలు నోటికి ఏమీ అందించరాదని, సూది ద్వారా ఎక్కించే ఉప్పునీరే శరణ్యమని వారి ఆజ్ఞ. అది యుద్ధకాలం. ఉప్పునీటి సీసాలు నాలుగవ దినానికే అయిపోయాయి. ఆజ్ఞ మాత్రం అయిపోలేదు.

అయిదవ దినం మధ్యాహ్నం సత్తెమ్మ అనే కూలి స్త్రీ పది నెలల ఆడపిల్లను కొంగులో చుట్టుకుని వచ్చింది. నాగేంద్రమ్మగారు పిల్లను అందుకుని మాడు మీద వేలు పెట్టి చూశారు. అక్కడ గుంట పడింది. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే, ఆ మడత అట్లాగే నిలిచి ఉంది. పిల్ల ఏడుస్తున్నది గాని కంట నీటిచుక్క లేదు. నోటికి తడి తగిలిస్తే మాత్రం పెదవులు ఆత్రంగా చప్పరిస్తున్నది. నీళ్లు పోస్తే ఇంకా పారుతుందని ఊళ్లో చెప్పగా, రెండు దినాలుగా ఏమీ పోయలేదని సత్తెమ్మ చెప్పింది. దవాఖానలోనూ అదే మాట చెప్పవలసిన స్థితి నాగేంద్రమ్మగారిది.

ఆమె ఆ మాట చెప్పలేకపోయారు. పుట్టింట గొర్రెపిల్లలకు పారుడు పట్టినప్పుడు పెద్దలు పలుచని గంజిలో ఉప్పు వేసి కొద్దికొద్దిగా తాగించడం ఆమె చిన్ననాటి నుంచి చూసినదే. వంటగదిలోకి పోయి, గంజి తేటలో చిటికెడు ఉప్పూ చిన్న బెల్లం ముక్కా కరిగించి తెచ్చి, చెంచాతో పోయసాగారు. పిల్ల వాంతి చేసుకుంది. కాసేపు ఆగి మళ్లీ పోశారు. మళ్లీ వాంతి అయింది. మళ్లీ ఆగి, మళ్లీ పోశారు. మూడవసారి గంజి లోపల నిలిచింది.

సరిగ్గా ఆ సమయానికి డాక్టరుగారు వార్డులోకి వచ్చారు. చెంచా చూసి, తమ ఆజ్ఞ ఏమయిందని అడిగారు. నాగేంద్రమ్మగారు పిల్ల ముఖం మీది నుంచి చూపు తిప్పకుండానే బదులిచ్చారు.

"పిల్ల ఏడుస్తున్నది, కండ్లల్ల నీళ్లు లేవు సాబ్. పోయిన నీళ్లే మల్ల తెచ్చి పోస్తున్న."

ఇది ఎక్కడ నేర్చుకున్నావని డాక్టరుగారు అడిగారు. ఆమె గొర్రెపిల్లల సంగతి దాచకుండా చెప్పారు. వార్డులోని తల్లులందరూ వింటుండగా డాక్టరుగారి ముఖం ఎర్రబడింది.

"మనిషి పిల్లకూ గొర్రెపిల్లకూ తేడా తెలియదా నీకు?"

"గొర్రెపిల్ల బతికింది సాబ్" అన్నారు నాగేంద్రమ్మగారు.

ఆ సాయంత్రమే తాత్కాలిక ఉద్వాసన ఉత్తరువు సిద్ధమయింది. దాని మీద సంతకం చేయమన్నప్పుడు ఆమె కలం పుచ్చుకుని, "సంతకం చేస్త. గంజి మాత్రం ఆపను" అని చెప్పి, రెండవ మాటను నిజం చేయడానికి మరునాడు పొద్దున్నే బయలుదేరారు. దవాఖాన ఎదుట బాటకు అవతలి పక్క యాకూబ్ సాహెబుగారి ఇల్లు. వారి సతీమణి ఖైరున్నిసాగారు ముందు గది ఖాళీ చేసి చాపలు పరిచి, పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కించారు. దవాఖాన నౌకరీ పోతుందేమోనని భర్త పరేషాన్ అవుతుంటే, ఆ ఇల్లాలు చెప్పిన మాట ఇప్పటికీ మన మందుల గదిలో చెప్పుకుంటారు: "నౌకరీ నీది. పొయ్యి నాది."

మొదట సత్తెమ్మ పిల్లను ఎత్తుకుని బాట దాటి వచ్చింది. సాయంత్రానికి ఆ పిల్ల కంట నీరు వచ్చింది, గుడ్డ తడిసింది. మరునాటికి ముగ్గురు తల్లులు, ఆ పై దినానికి తొమ్మిదిమంది వచ్చారు. బియ్యం లేని తల్లులకు జొన్నపిండి పలుచగా కాచి వడగట్టడం నేర్పారు. ఎవరి పిల్లకు వారే చెంచాతో పోయాలి, గడియారం లేకపోతే వందవరకు లెక్కపెట్టి మరో చెంచా పోయాలి, చనుబాలు మానరాదు, విరేచనంలో నెత్తురు పడినా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే బాట దాటి డాక్టరు వద్దకు పోవాలి. ఈ చివరి మాట గమనించదగినది. తమను వెళ్లగొట్టిన వైద్యుని దగ్గరకే ఆమె ఆరుగురు పిల్లలను పంపారు. కోపం తమకూ డాక్టరుకూ సంబంధించినదనీ, పిల్లలకు దానితో నిమిత్తం లేదనీ ఆమె తలంపు.

ఈలోగా వార్డులో మంచాలు ఖాళీ అవుతూ వచ్చాయి. కొన్ని పిల్లలు కోలుకోవడం వల్ల, ఎక్కువ భాగం మరో కారణం వల్ల.

పదునాలుగవ దినం ఎండ వేళ డాక్టరు కృష్ణయ్యగారు ఒంటరిగా బాట దాటి వచ్చారు. లోపల ఎనిమిదిమంది తల్లులు మట్టి మూకుళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఆయన వంగి ఒక పిల్ల పొట్ట మీది చర్మం పట్టి వదిలారు. మడత చప్పున సర్దుకుంది. మరొక పిల్లను చూశారు, ఇంకొక పిల్లను చూశారు. ఏ పిల్లకు ఎన్ని చెంచాలని అడిగితే నాగేంద్రమ్మగారు ఒక్కొక్కరికీ చెప్పారు. ఎవరైనా పోయారా అని అడిగితే, నలుగురని, వారి పేర్లతో సహా చెప్పారు. డాక్టరుగారు చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగి, నిద్రకు తూలుతున్న ఒక తల్లి చేతిలోని మూకుడు తీసుకుని, చాప మీద కూర్చుని గంట సేపు గంజి పోశారు. వెళ్లేటప్పుడు, "గ్రంథంలో లేదు" అని మాత్రం అన్నారు. ఆ మాటలో గద్దింపు లేదు.

నాగేంద్రమ్మగారిని తిరిగి పనిలోకి తీసుకోవలసిందని వారే సిఫారసు చేశారు. అయితే క్షమాపణ పత్రం రాసి ఇవ్వనిదే వీలుకాదని యాజమాన్య సంఘం పట్టుబట్టింది. ఆమె చేతికి ఖాళీ కాగితం ఇచ్చారు. పందొమ్మిదవ దినాన ఆమె రాసి ఇచ్చిన ఆ కాగితాన్ని ఇప్పటికీ చూడవచ్చును. అందులో క్షమాపణ లేదు. నలభై ఆరుగురు పిల్లల పేర్లు, ఊళ్లు, ఏ పిల్లకు ఏ లక్షణాలున్నవి, ఎన్ని దినాలకు తేరుకున్నది అన్నీ వరుసగా ఉన్నాయి. పోయిన నలుగురి పేర్లు అన్నింటికన్న పైన ఉన్నాయి. ఒత్తులు కొన్ని తప్పినవి. పేరు ఒక్కటీ తప్పలేదు. డాక్టరుగారు దానిని సంఘ సమావేశంలో ఆద్యంతం బిగ్గరగా చదివి, అడుగున, "ఇకమీదట వార్డులో విరేచనాల పిల్లలకు ఉప్పు గంజి పోయవలెను" అని రాసి సంతకం చేశారు. నాగేంద్రమ్మగారు మరునాడు యథావిధిగా పనిలోకి వచ్చారు.

ఆ తరువాతి ఎనిమిదేళ్లలో ఎందరో డాక్టర్లు వచ్చారు, బదిలీ అయ్యారు. ఊపిరితిత్తుల జబ్బుకు కొత్త గోళీలు వచ్చినప్పుడు, మందు వచ్చిందని ఊపిరి లెక్కపెట్టడం మానరాదని ఆమె పట్టుబట్టారు. 1948లో పోలీసు చర్య వేళ పట్టణం భయంతో తలుపులు బిగించుకున్న దినాలలో, తల్లి ఏ మతస్థురాలని గాని, ఏ గల్లీ నుంచి వచ్చిందని గాని అడగకుండా పిల్లల వార్డు తలుపు తెరిచే ఉంచారు. ఆ దినాలలో ఖైరున్నిసాగారి కుటుంబం ఎక్కడ తలదాచుకున్నదో తెలిసినవారికి తెలుసు. నాగేంద్రమ్మగారు చెప్పరు కనుక ఇక్కడా చెప్పడం లేదు.

పరీక్ష ప్యాసయిన పత్రం లేదన్న కారణంతో ఆమెకు ప్రధాన నర్సు హోదా ఏనాడూ లభించలేదు. ఆ స్థానంలో నియమితులైన ముగ్గురూ ఆమె వద్దనే పని నేర్చుకున్నారు. ఈ అన్యాయాన్ని అభినందన సంచికలో ప్రస్తావించడం ఆచారం కాదు. ఆచారం కానప్పటికీ ప్రస్తావిస్తున్నాము.

విరమణ తరువాత ఏం చేస్తారని మొన్న సహోద్యోగులు అడిగారు. కూతురు జోగులమ్మ, అల్లుడు గోవిందు తమ ఇంట విశ్రాంతిగా ఉండమని ప్రార్థిస్తున్నారు. ఆమె తమ పుట్టినచోటు గట్టుకు వెళ్తానన్నారు. అక్కడ దవాఖాన లేదు కదా, అధికారం ఏమీ ఉండదు కదా అని ఎవరో అన్నారు.

"గీడ నాకు ఎవ్వలిచ్చిన్రు అధికారం?" అని ఆమె నవ్వారు. "గాడ పిల్లలున్నరు గద."

కనుక శ్రీమతి నాగేంద్రమ్మగారికి విశ్రాంతి కలగాలని కోరడం వృథా, ఆమె అంగీకరించరు. చూపు చెదరకుండా, చేయి వణకకుండా, మోకాళ్లు మొరాయించకుండా, ఆమె చేతుల మీద బతికిన పిల్లల మనవళ్లను కూడా ఎత్తుకునేంత కాలం ఆ తల్లి సుఖంగా జీవించాలని కోరుకుంటున్నాము. ఏ ఉత్తరువుకూ తలవంచని ఆమెకు ఆయురారోగ్యాలే తలవంచి, నిండు నూరేళ్లు ఊడిగం చేయుగాక!