ఆ వైపు కిటికీ

గోడలు లింటెల్ దాకా లేచిన కొత్త ఇంట్లోకి, కాలి కట్టు విప్పించుకున్న ఇల్లాలు రెండు నెలల తర్వాత అడుగు పెట్టింది. వెనకాలే భర్త ఉన్నాడు, ఎదురుగా తాపీ పట్టుకుని మేస్త్రి ఉన్నాడు. అప్పటికే గొంతులు లేచాయి.

“మళ్ళీ చెప్పు మేస్త్రీ. ఇది ఏ గది?”

“పడగ్గదేనమ్మా.”

“ప్లానులో ఈ వైపు మెట్లు, బాత్రూము. పడగ్గది అవతలి చివర. కాగితం తిరగేసి పట్టుకుని కట్టావా?”

“అదే... పొరపాటు నాదేనమ్మా. ఎండలో ఏదో...”

“ఇరవై ఏళ్ళ మేస్త్రివి. ఎండకి ఇల్లంతా తిరగబడిందా?”

“పోనీలే, అతన్నెందుకు...”

“మీరు ఆగండి. మీరు రోజూ ఇక్కడికొచ్చారు, రోజూ ఫోటోలు చూపించారు. వాటిలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎలా ఉన్నాయి?”

“ఏ ఫోటోలు?”

“మంచంలో పడున్నదానికి చూపించిన ఫోటోలు. సిమెంటు బస్తా మీద అక్షరాలు తిరగబడి కనిపిస్తే, మందుల మత్తులో నా కళ్ళే పాడయ్యాయనుకున్నాను.”

“ఒక్కోసారి ఫోను అలా తీస్తుంది.”

“ఫోను తీసిందా, మీరు తిప్పారా?”

“ఇప్పుడు ఫోను గొడవెందుకు?”

“మేస్త్రీ, నువ్వు చెప్పు. నీళ్ళు నమలకుండా చెప్పు.”

“నన్ను మధ్యలోకి లాగకండమ్మా. అయ్యగారు పునాది నాడే తిప్పమన్నారు. మీరు అడిగితే పొరపాటు నాదని ఒప్పుకోమన్నారు.”

“విన్నారా?”

“విన్నాను. తిప్పమన్నాను. అయితే ఏంటి? గదులు అవే, కొలతలు అవే.”

“కిటికీ? ఈ వైపు చిల్లు కూడా ఉండకూడదని ఎన్నిసార్లు చెప్పాను? మీ వాటా స్థలం మీ అన్నగారింటి పక్కనే పడిందంటే ఊరుకున్నాను. ఆ ఒక్క మాట మీదే ఒప్పుకున్నాను. మీరేమో ఆరడుగుల కిటికీ పెట్టించారు. సరిగ్గా వాళ్ళ కిటికీకి ఎదురుగా.”

“గాలి కోసం.”

“గాలి కోసమా?”

“గాలి కోసమే. సరే, కాదు. ఆ గదిలో అమ్మ ఉంది.”

“ఎవరున్నారో నాకు తెలుసు.”

“మంచం పట్టి ఏడు నెలలైంది. ఆ గడప తొక్కితే నీ గడప తొక్కొద్దన్నావు. తొక్కలేదు. మూడేళ్ళు తొక్కలేదు. పొద్దున్నే ఈ కిటికీలోంచి ఒక్కసారి చూసుకుంటాను. అదీ తప్పేనా?”

“నలుగురిలో నన్ను గొడ్రాలంది. అప్పుడు మీరు ఎటు చూస్తున్నారు? నేల వైపు. ఇప్పుడు చూడాలనిపించిందా?”

“అమ్మ అన్నది తప్పే.”

“ఆ మాట ఆవిడ ముందు అనాల్సింది. ఇటుకల ముందు అంటున్నారు. లేస్తే ఆ ముఖం, పడుకుంటే ఆ ముఖం. ఈ ఇంట్లో నాకంటూ ఏం కట్టారు?”

“కర్టెన్ వేసుకుందాం.”

“కర్టెనా? మేస్త్రీ, ఫ్రేము పీకెయ్. ఇవాళే మూసెయ్.”

“చెయ్యి వేశావంటే రేపటి నుంచి నువ్వు పనిలోకి రావద్దు.”

“నేను చెబుతున్నాను, పీకు.”

“ముట్టుకోకు అంటున్నానా.”

“ఇవాళ ఏదీ అవదమ్మా. మధ్యాహ్నం నుంచి నేనుండను. పక్కింట్లో ఒక పూట పని ఒప్పుకున్నాను.”

“ఏ పక్కింట్లో?”

“అదే... ఎదురుగా.”

“నా ఇల్లు కడుతూ వాళ్ళ పని కూడానా? ఏం పని?”

“చిన్న పనేనమ్మా. ఆ కిటికీ... ఇటుకలతో మూసెయ్యాలి.”

“ఏ కిటికీ? అమ్మ గదిదా?”

“అవునయ్యగారూ.”

“అన్నయ్య ఇంతకు తెగించాడా? మంచాన పడ్డ మనిషికి వెలుతురు కూడా లేకుండా చేస్తాడా? ఇప్పుడే వెళ్ళి అడుగుతాను.”

“వెళ్ళండి. వెళ్తే అటే ఉండండి.”

“ఉంటాను. అక్కడే ఉంటాను. తప్పుకో.”

“ఆగండి అయ్యగారూ. అన్నగారు కాదండి, ఆయన వద్దని బతిమాలారు. మీరు ఇక్కడ ఫ్రేము నిలబెట్టించిన సాయంత్రమే, మీ అమ్మగారే మంచం మీంచి మూసెయ్యమని నాకు కబురు పెట్టారు.”