మేనత్త నెత్తురు

చిన్న వయసులోనే ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ల మీద పరిశోధన చేస్తున్న గది అది. దాని బయట బల్ల మీద నా పక్కన ఒక మేనత్తా, మేనకోడలూ కూర్చున్నారు. ఒకప్పుడు అత్తాకోడళ్లట కూడా.

“కాస్త రక్తమివ్వవే, మా తల్లి! నీదీ నా కూతురిదీ పోల్చి చూస్తారట. ఆలస్యమైతే దానికిక పిల్లలు పుట్టరంటున్నారు.”

“ఇప్పుడు తల్లినయ్యానా అత్తా? నాకు ముప్పయ్యేళ్లకే ఆగిపోతే గొడ్రాలినని గుమ్మం బయటికి నెట్టావే!”

“అప్పుడు తెలియక...”

“తెలియకేం? నీకూ అదే వయసులో ఆగింది. నానమ్మ పోయేముందు నాతో చెప్పింది.”

“మెల్లగా మాట్లాడవే! లోపల కూతురితో నా కొడుకూ ఉన్నాడు.”

“ఉండనీ. పొద్దున్నే రక్తమిచ్చేశాను. ఆ పిల్ల నాకేం చేసిందని?”

“నీ కడుపు చల్లగుండా!”

“ఏ కడుపు అత్తా?”

“అలవాటుగా అనేశానే. నన్నూ లోపలికి రమ్మన్నారు, ఎందుకో?”

“తల్లికీ అలాగే ఆగిందేమోనని డాక్టరమ్మ అడుగుతుంది. అబద్ధమాడితే నీ కూతురు నష్టపోతుంది. నిజం చెబితే, తల్లికీ ఉన్న లోపానికే నన్ను వదిలేశానని నీ కొడుకు తెలుసుకుంటాడు.”

“వాణ్ణి బయటికి పంపించవే, నీకు దణ్ణం పెడతాను!”

“నేనే ఉండమన్నాను. లే అత్తా. ఆనాడు నాకు తలుపు నువ్వు తీశావు. ఇవాళ నీకు నేను తీస్తాను.”