చెల్లెలి ఫ్రేము

బెల్జియంలోని ఔడెనార్డ ఊళ్లో, తన సైకిళ్ల షాపులో తండ్రి రెండు కార్బన్ ఫ్రేములను బల్లమీద పెట్టి పెద్దకూతుర్ని పిలిచాడు.

“ఆదివారం సైకిలు పందేనికి చెల్లి ఫెంకెకి ఏది బిగించమంటావమ్మా? రోజూ దానితో కలిసి తొక్కేది నువ్వే కదా.”

“తేలికది బిగించు నాన్నా. ఏడువందల గ్రాములే ఉంది.”

“పొడవు సరిపోతుందా?”

“సరిపోతుంది.”

“సరే, అదే బిగిస్తాను.”

“నాకు మాత్రం ఎప్పుడూ ఇనప సైకిలే ఇచ్చావు.”

“నువ్వు అడగలేదు కదమ్మా.”

“చెల్లి అడిగిందా?”

ఆయన స్పానరు అందుకున్నాడు.

“ఆగు నాన్నా. అది చెల్లికి పొడవెక్కువ. గంట తొక్కేసరికి నడుం పట్టేస్తుంది. రెండోది బిగించు.”

“మరి ఇందాక సరిపోతుందన్నావు?”

“చెల్లి ఓడిపోవాలని.”

తండ్రి స్పానరు పక్కన పెట్టి కొలతల టేపు తీశాడు.

“ఇలా నిలబడు. నీకూ ఇలాంటి సైకిలు ఒకటి బిగిస్తాను.”

“జాలిపడి ఇచ్చేది నాకొద్దు. ముందు చెల్లిది కానివ్వు.”