ఒకదాని కింద ఒకటి

పెళ్లయ్యాక కూడా ఆఫీసులో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చోవడం ఆమెకి ఇంకా సరదాగానే ఉంది. ఆ పొద్దున తామిద్దరూ తయారుచేసిన ఆసుపత్రి వెబ్‌సైట్ తెరిచేదాకా.

"కనిపించట్లేదు."

"ఏది?"

"మెనూలో అంబులెన్స్ లేదు. అత్యవసర విభాగమూ లేదు. రెండూ పోయాయి."

"పోవడమేంటి? నిన్న సాయంత్రం చూశాంగా. పేజీ మళ్లీ తెరువు."

"తెరిచాను, మూసాను, మళ్లీ తెరిచాను. శ్రీవారూ, ఆ నవ్వాపి ఇటు రా."

"వచ్చాను, శ్రీమతిగారూ. డేటాబేస్‌లో ఎవరైనా చెరిపేశారేమో చూడు."

"చెరపలేదు. టేబుల్లో రెండు వరుసలూ భేషుగ్గా ఉన్నాయి."

"ఉంటే ఎందుకు రావు? మన ప్రోగ్రాం తల్లి లేని వరుస, అంటే అన్నిటికన్నా పైనున్నదాని దగ్గర మొదలుపెడుతుంది. దాని పిల్లల్ని, వాటి పిల్లల్ని వెతుక్కుంటూ కిందికి..."

"తెలుసులే, పాఠం చెప్పకు. అబ్బా, ఇప్పుడే మోగాలా ఈ ఫోను! మా బాబాయి."

"అంబులెన్స్ నడిపే బాబాయేనా? ఆ ఆసుపత్రిలోనేగా?"

"ఆయనే. తర్వాత మాట్లాడతాలే. అంబులెన్స్‌కి తల్లి ఎవరని ఉందో చూడు."

"అత్యవసర విభాగం. ఎవరు మార్చారిది?"

"నేనే. నిన్న నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు."

"నువ్వా? అది నా వాదన కదా! మెనూలో అంబులెన్సే పైనుండాలి, అత్యవసర విభాగం దాని కింద ఉండాలని నిన్న బుంగమూతి పెట్టుకున్నావుగా?"

"పెట్టుకున్నా. తర్వాత నువ్వు భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు. పోనీ పాపం, నీ మాటే నెగ్గనిద్దామని..."

"అయ్యో."

"అయ్యో ఏంటి? మురిసిపోతావనుకున్నా."

"అత్యవసర విభాగానికి తల్లి ఎవరని ఉందో చూడు."

"అంబులెన్స్... అదేంటి? ఎవరు..."

"నేనే. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు. నీ మాటే నెగ్గాలని."

"అంటే దీనికి అది తల్లి, దానికి ఇది తల్లి!"

"ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. పైనుంచి దిగే ప్రోగ్రాంకి వాటి దగ్గరికి దారే లేదు."

"లోకంతో పని లేకుండా. అచ్చం మనలాగే."

"నాకు నవ్వు రావట్లేదు. వాళ్లు అంబులెన్స్‌ని పిలిచే పాత ఫోన్ నంబరు నిన్ననే ఆపేశారు. కొత్త నంబరు ఆ పేజీలో తప్ప ఎక్కడా లేదు."

"నిన్ననేనా?"

"ఏంటలా చూస్తావు?"

"మార్చు. ముందు మార్చు. ఎవరి మాటైనా సరే, మార్చు."

"మారుస్తున్నా. అంబులెన్స్ పైకి. అదిగో, వచ్చేశాయి. రెండూ వచ్చేశాయి."

"అమ్మయ్య! ఎవరూ చూసుండరు కదూ?"

"చూసుంటే ఈపాటికి మేనేజరు మన మీద పడుండేవాడు."

"అది కాదు. నిన్నటినుంచి ఎవరికీ అవసరం పడుండదు కదూ?"

"పడుండదులే."

"కదూ?"

"పడుండదన్నానుగా! మళ్లీ మోగుతోంది, తియ్యి."

"హలో, బాబాయ్."

"ఏమ్మా కొత్త పెళ్లికూతురా, ఫోను కూడా ఎత్తవే? ఇవాళ మీ ఇంటికి భోజనానికొస్తున్నా. రోజూ ఊపిరాడనిచ్చేవారు కాదా, నిన్న రాత్రి నుంచి ఒక్కరంటే ఒక్కరు పిలవలేదమ్మా. ఊరంతా చల్లగా ఉన్నట్టుంది!"