రోడ్డును చాపలా చుట్టిన నాలుగు బోల్టులు

ఫైబరు పడవల షెడ్డు ఎదుట టీ కొట్టులో ఫిట్టరు నోరు తెరిచాడంటే గ్లాసుల్లో టీ చల్లారాల్సిందే. ఆయన మేనకోడలిది అదే షెడ్డులో పరీక్షల పని. బిగించిన ముక్కల్ని మెషీనుకి తగిలించి, తెగేదాకా లాగి చూస్తుంది. మామయ్య కోతలు చిన్నప్పట్నుంచీ వింటున్నవే కనక, బెంచీ చివర కూర్చుని తాను సంతకం పెట్టాల్సిన కాగితం చదువుకుంటోంది. ఆ సంతకం పడితే కొత్త పడవ రేపటినుంచి బడిపిల్లల్ని ఏరు దాటిస్తుంది. దాన్ని తీసుకెళ్లడానికొచ్చిన పడవ మనిషి కూడా అక్కడే టీ తాగుతున్నాడు.

"ఇంజన్ని పడవకి పట్టి ఉంచే పట్టీని నాలుగంటే నాలుగు బోల్టులతో నిలబెట్టాను" అని మొదలెట్టాడు ఫిట్టరు. అక్కడిదాకా నిజమే. "ఉత్తినే నిలబెట్టానా? ఫైబరు కరకరమనేదాకా పానా తిప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

బోల్టుకి తాడు కట్టి లారీతో లాగించాడట. చక్రాలు ఉన్నచోటే తిరిగి పొగలు కక్కాయి తప్ప బోల్టు ఉలకలేదు, పలకలేదు. క్రేను తెప్పిస్తే దాని డ్రైవరు దిగి దండం పెట్టి వెళ్లిపోయాడట. చివరికి రైలింజనే పిలిపించాడట.

"రైలుకి పట్టాలుండాలి కదయ్యా" అన్నాడు టీ కాసే ఆయన.

వేయించానని తడుముకోకుండా చెప్పేసి, ఇంజను లాగితే పడవ కదల్లేదనీ, కింది రోడ్డే చాపలా చుట్టుకుంటూ వచ్చేసిందనీ, దాని మీద నిలబడ్డ పోలీసు కూడా చుట్టలోనే ఉండిపోయాడనీ ముగించాడు. అందరూ పగలబడి నవ్వారు. మేనకోడలు మాత్రం కరకర దగ్గరే ఆగిపోయింది.

"మామయ్యా, ఇది ఇనుము కాదు. కరకరమందంటే బోల్టు కింద ఫైబరు పొరలు నలిగినట్టే, పైకి కనబడదు. పిల్లలతో ఏటి మధ్యలో ఉండగా ఇంజను ఊడొస్తే? నేను సంతకం పెట్టను."

పడవ మనిషి గ్లాసు కింద పెట్టేసి, ఈ పడవ తనకొద్దన్నాడు.

ఫిట్టరు మొహం పాలిపోయింది. కరకరా లేదు గిరగిరా లేదు, మాటవరసకన్నానన్నాడు. ఏది నమ్మమంటావని ఆమె మెత్తగానే అడిగింది. ఆయన అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఎంత బిగిసిందో చూపే పానాతో ఒక్కో బోల్టూ బిగించిన కొలతలు, చీమతలకాయంత అక్షరాల్లో. ఏదీ ఉండాల్సిన కొలతని వెంట్రుకవాసి కూడా దాటలేదు. అడుగున రాసుకున్నాడు: "భయమేసి మళ్లీ చూశాను. సరిపోయింది. ఇంకోసారి చూశాను."

ఆమెకి మామయ్య మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అయినా లోపలికెళ్లి ఒక బోల్టు విప్పించింది. వాషరు కింద చిన్న గీత కూడా లేదు. మళ్లీ అదే కొలతకి బిగింపించి, బయటికొచ్చి అందరి ముందూ సంతకం పెట్టింది. పడవ మనిషి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"మరి ఆ రోడ్డు సంగతేంటి?" అన్నాడు టీ కాసే ఆయన, వదలకుండా.

ఫిట్టరు మేనకోడలి వంక ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"మళ్లీ పరిచేశాను. రెండుసార్లు చూసుకున్నాను కూడా."