ఎలివేటర్ దుమ్మంతా మింగిన మెత్రో

మధ్యాహ్నం మూడయ్యేసరికి తూకం గదిలో కాఫీ మరుగుతుంది, మెత్రో నోరు తెరుచుకుంటుంది. కాఫీ యంత్రాన్నయితే మీట నొక్కి ఆపొచ్చు గానీ అన్నయ్య నోటికి మీట లేదని దార్యాకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

కెనడాలోని సస్కాచెవాన్ మైదానంలో, రైలుకట్ట పక్కన నిలబడి, రైతుల ధాన్యాన్ని నిలవచేసి రైలు పెట్టెలకెక్కించే ఆ ఎత్తైన ధాన్యపు ఎలివేటర్లో లారీలు తూచే పని ఆమెది. తూచిన లారీ గోధుమల్ని కింద గుంటలోకి గుమ్మరిస్తే లేచే దుమ్మంతా ఆమె భర్త జేనోన్ మీదే పడుతుంది. గుంట ఊడ్చేది అతనే. చర్చిలో అందరికన్నా పై స్థాయిలో పాడే మనిషి, ఈ ఏడాది ఒక చరణం పూర్తి చెయ్యలేక మధ్యలోనే కూర్చుండిపోయాడు.

రేపు పొద్దున గాలి పరీక్ష చేసేవాళ్లు వస్తున్నారు. పనివాడి నడుముకి చిన్న పంపు కట్టి, దాని గొట్టం కాలరుకి తగిలిస్తారు. మనిషి పీల్చే గాలినే అదీ పీలుస్తుంది. దుమ్ము ఎక్కువని తేలితే కంపెనీ ఆ గుంట మీద దుమ్ము లాగేసే పెద్ద ఫ్యాను పెట్టక తప్పదు. పంపు ఎవరు కట్టుకుంటారో రాయాల్సిన కాగితం దార్యా ముందుంది.

"నా పేరు రాసెయ్యి," అన్నాడు మెత్రో బల్ల అంచున కూర్చుంటూ. అతని పని బయట, రైలు పెట్టెల దగ్గర. "పోయినేడు నేను కట్టుకుంటే ఏమొచ్చింది? సున్నా! గాలి అద్దంలా ఉందని కంపెనీయే రాసిచ్చింది."

లారీ వరస కదిలేదాకా కాఫీకి చేరిన రైతు వసీల్‌కి ఆ మాత్రం సందు చాలు. "సున్నా ఎలా వచ్చింది మామా?"

"ఎలాగంటావేంట్రా! మొదట్లో నేనేం పెద్దగా చెయ్యలేదు. రెండు బకెట్ల నీళ్లు చిలకరించానంతే."

"గోధుమలు మొలకెత్తిపోవూ, బావా?" అన్నాడు అప్పుడే గుంట దగ్గర్నుంచి లోపలికొచ్చిన జేనోన్.

"చుట్టూ చిలకరించానయ్యా, మీద కాదు! మధ్యలో అడ్డు తగలకు. ఆ రోజు దుమ్ము ఎంత దట్టంగా ఉందంటే, చెమట తుడుచుకుందామని టోపీ తీసి గాల్లో పెడితే అక్కడే ఉండిపోయింది. కాఫీ తాగి వచ్చినా అక్కడే ఉంది. సరే కదా అని కోటు కూడా పక్కనే తగిలించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దుమ్ము ఆ కోటుకి ఇస్త్రీ కూడా చేసిపెట్టిందా?" అన్నాడు వసీల్.

"నవ్వు, నవ్వు. పార పట్టుకుని గాల్లో దారి తవ్వుకుంటూ వెళ్లాను. అడుగు తవ్వడం, అడుగు వెయ్యడం. గుంట మధ్యకెళితే నా చెయ్యి నాకే కనపడదు. ఇలా కాదనుకుని రొమ్ము విరుచుకుని ఒకే ఒక్క శ్వాస లాగాను. నా ఊపిరి సంగతి మీకు తెలుసుగా, కొవ్వొత్తులు ఆరిపోతాయని ఫాదర్ నన్ను వెనక వరసలో నిలబెడతాడు. ఆ ఒక్క శ్వాసకి గుంట నుంచి పైకప్పు దాకా ఉన్న దుమ్మంతా లోపలికొచ్చేసింది. దాంతో పాటు రెండు పావురాలు కూడా వచ్చాయి గానీ, వాటిని మర్యాదగానే బయటికి పంపించేశాను."

జేనోన్ నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ తెమల్లేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. దార్యా లేచి మంచినీళ్లు ఇచ్చింది. మెత్రో మాత్రం ఆగలేదు.

"అలా ఊపిరి బిగబట్టి, పొట్ట పట్టుకుని, రైలుకట్ట దాటి ఆ ఖాళీ పొలంలో వదిలాను. మూడడుగుల మందాన పరుచుకుంది. వారానికి మొలిచింది, నెలకి కోతకొచ్చింది! డిసెంబరులో, మంచులో! ఆ పిండితో మా ఆవిడ పిరోగీ కుడుములు ఉడకబెడితే, మూత తియ్యగానే గిన్నెలోంచి లేచి ఇంటి కప్పుకి అంటుకున్నాయి. నిచ్చెన వేసుకుని తిన్నాం! ఇంకా విను, ముక్కులో కాస్త మిగిలింది కదా, తుమ్మొచ్చింది. ఒక్కటే తుమ్ము! అది వెళ్లి పక్క రాష్ట్రం మానిటోబాలో దిగింది. అక్కడ బళ్లకి మూడు రోజులు సెలవు. 'అయ్యా మెత్రో గారూ, ఈసారి తుమ్మొస్తే కాస్త అటు తిరగండి' అని అక్కడి పెద్దలు ఫోన్ చేశారు. మరి పంపులో సున్నా రాక ఏమొస్తుంది? పీల్చడానికి దానికేమైనా మిగిల్చానా?"

దార్యా సొరుగు లాగి ఒక కాగితం తీసింది.

"పోయినేటి రిపోర్టు, అన్నయ్యా. అప్పుడు మనకి మొదటి పేజీ ఒక్కటే ఇచ్చారు. రెండోది రేపటి పరీక్ష కాగితాలతో ఇవాళ పొద్దున వచ్చింది. వసీల్, నువ్వు చదువు."

వసీల్ గొంతు సవరించుకున్నాడు. "'పంపులోని వడపోత కాగితం మీద ధాన్యపు దుమ్ము జాడ లేదు. కుక్క వెంట్రుకలు, పదిహేడు. వేయించిన పొద్దుతిరుగుడు గింజల పొట్టు, కొద్దిగా.'"

గదంతా గొల్లున నవ్వింది. వసీల్ కాఫీ సగం చొక్కా మీదే పోయింది.

"ఆ పంపు రోజంతా నీ బండి సీటు మీద, మీ కుక్క బుర్కో పక్కన పడుకుంది," అంది దార్యా.

"అది కాదమ్మా, బెల్టు బిగుతై..." అని మొదలుపెట్టాడు మెత్రో. అంతలోనే గొంతు తగ్గించి అన్నాడు, "దుమ్ము ఎక్కువని తేలితే ఈ ఎలివేటర్ని మూసేస్తారే. పక్క ఊళ్లోది మూసెయ్యలేదూ? మనందరికీ ఇదేగా ఆధారం."

దార్యాకి జాలీ వేసింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు నోట్లోకొచ్చింది. "మూసేస్తే ఇంకో పని వెతుక్కుంటాను. ఈయన ఊపిరి పోతే ఎక్కడ వెతకను? నీ సున్నా చూపించి కంపెనీవాళ్లు ఫ్యాను అక్కర్లేదన్నారు. ఏడాదిగా ఈయన పీల్చుతున్నది నీ సున్నానే."

కాగితం మీద మెత్రో పేరే రాసింది. పక్కన పని అన్న గడిలో 'గుంట ఊడ్చడం, ఎనిమిది గంటలు' అని రాసింది.

"పంపు నేనే కడతాను, ముడి నేనే వేస్తాను. మాస్కు మాత్రం తియ్యకు. రేపటికి ఈయన ఇక్కడ కూర్చుని నాతోపాటు లారీలు తూస్తాడు."

మెత్రో జేనోన్ మొహం చూశాడు. పన్నెండేళ్లుగా అదే ఎలివేటర్లో పనిచేస్తున్న మనిషి, బల్ల దిగి, చేతిలో కప్పు పక్కన పెట్టి, మెల్లగా అడిగాడు.

"బావా, ఆ గుంట ఊడ్చే చీపురు ఎక్కడుంటుంది?"