ఎందుకైనా మంచిదట!

ఇంకా ఎన్నిసార్లు చెప్పమంటావ్ బావా, అది అబద్ధమని రాసింది నేనే! అలా గోడకేసి తిరిగి కూర్చుంటే ఏం లాభం? అక్క పెట్టిన కంచం అలాగే ఉంది.

సరే, ఫొటోలో ఉన్నది నువ్వే. ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని నీ స్కూలు వ్యానెక్కిస్తున్నావ్. మోకాలు గీరుకుపోయి ఏడ్చింది పాపం. ఎవడో కింద ‘పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు’ అని రాసి వదిలాడు. ఇలాంటివి నిజమో కాదో తేల్చడమేగా నా ఉద్యోగం! ఆ పిల్ల తల్లితో మాట్లాడా, స్కూలు ఆయాతో మాట్లాడా. అంతా రాసి, ఫొటో మీద ఎర్రగా ‘అబద్ధం’ అని ముద్రేసి పెట్టా.

ఎవరు చదివారంటావ్? ఒకడేమో ‘నీకు చుట్టమా?’ అన్నాడు. చుట్టమే, ఏం చెప్పను? ఇక మీ ఎదురింటావిడ ఉందే, నా పోస్టుకి దండం బొమ్మ పెట్టింది. పావుగంట తిరక్కుండా ఫొటో ఒక్కటే తీసి తల్లుల గ్రూపులో పడేసింది. అడిగితే ఏమందో తెలుసా? “నిజం కాకపోతే సంతోషమే కదమ్మా, ఎందుకైనా మంచిదని పంపా.” ఎందుకైనా మంచిదట! ఓపిక లేదు బావా, నిజంగా లేదు.

పొద్దున పదకొండు ఇళ్ల ముందు హారన్ కొట్టావట. ఒక్క గేటూ తెరుచుకోలేదట. ఖాళీ వ్యాను తోలుకుని ఇంటికొచ్చేశావని అక్క ఏడ్చింది.

ఏంటలా చూస్తావ్? ఫోన్లలో తిరుగుతున్న ఫొటో మారిందనా? ఊఁ... మారింది. కాస్త ఇటు జరుగు, అక్క వంటింట్లోనే ఉంది.

మా ఆఫీసులో ఒక పద్ధతుంది. ముద్ర మొహం మీద అడ్డంగా పడాలి, ఎవడూ కత్తిరించడానికి వీల్లేకుండా. అందరికీ అలాగే వేస్తా. నీకు మాత్రం చెయ్యి రాలేదు బావా. మా బావ మొహం మీద దొంగకి వేసినట్టు ఆ ఎర్రక్షరాలేంటని, మూలకి జరిపా.

అక్కడితో ఆగానా? పాత ఫొటోలో నీ మొహం మసగ్గా ఉంది. బాగా కనపడితే ‘అయ్యో, మన వ్యాను ఆయనే కదా, ఎంత మంచివాడు’ అంటారనుకున్నా. కూర్చుని ఆ మసకంతా పోగొట్టా.

గుర్తుపట్టారు, ఇంకేం! ఎవడో ముద్ర ఉన్న మూల కత్తిరించి పంపాడు. ఇప్పుడు ఊరంతా చేతులు మారుతున్నది నేను బాగుచేసిచ్చిన మొహమే.

అక్కకి నేనే చెప్పనా, నువ్వు చెబుతావా?